ఉడుతకు సరిపడే ల్యాప్‌టాప్

మైథిలి పెళ్లి మాఘమాసంలో జరిగింది. ఉడుత ఉగాదికి వచ్చింది. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉంటుందని ముహూర్తం పెట్టిన పురోహితుడు కూడా చెప్పలేదు.

ఈ ఉడుత గోడల మీదా చెట్ల మీదా తిరిగేది కాదు, కంప్యూటర్లో తిరిగేది. కాలువ గట్ల శాఖ డైరెక్టరు కోదండపాణి గారు స్వావలంబన మీద ఎక్కడో జరిగిన సదస్సుకు వెళ్లి ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక పెన్‌డ్రైవ్ పుచ్చుకుని విజయవాడ తిరిగొచ్చారు. శాలువా ఇంట్లో ఇచ్చారు. జ్ఞాపికను అద్దాల బీరువాలో పెట్టించారు. పెన్‌డ్రైవ్‌ను శాఖకు అంకితం చేశారు. అందులో ఉన్నదే ఉడుత అనే ఆపరేటింగ్ సిస్టం. కంప్యూటర్‌ని నిద్ర లేపి, మన మాట వినేలా కూర్చోబెట్టే ఏర్పాటన్నమాట. అలాంటి ఏర్పాట్లు లోకంలో ఇంకా ఉన్నాయి, వాటిని అందరూ వాడతారు. దీన్ని దాదాపు ఎవరూ వాడరు. డైరెక్టరు గారికి నచ్చిన గుణం కూడా అదే. ఎవరూ వాడనిది మనం వాడితే మనం ఎవరి మీదా ఆధారపడనట్టేనని ఆయన వాదం. ఆ వాదానికి ఎదురు చెప్పేంత తీరిక ఎవరికీ లేకపోయింది.

మీట నొక్కగానే తెర మీద ఒక జామచెట్టు కనిపిస్తుంది. దాని మొదట్లో ఒక ఉడుత ఉంటుంది. అది తోక ఊపుకుంటూ చెట్టెక్కి, చిటారు కొమ్మన ఉన్న జామకాయను కొరికితే కంప్యూటర్ తెరుచుకున్నట్టు. ఉగాది పచ్చడి తిన్న మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై శాఖలోని సమస్త దస్త్రములు ఉడుత ద్వారా మాత్రమే నడవవలెను. ఉడుత ద్వారా నడవని దస్త్రము నడిచినట్లు పరిగణింపబడదు."

ఆ సాయంత్రానికే ఆఫీసులోని కంప్యూటర్లన్నిటి నుంచీ పాత ఏర్పాటు తీసేసి ఉడుతను ఎక్కించారు. ఆ కంప్యూటర్లు ఏనాటివో. ఉడుత చెట్టెక్కేది, కొమ్మ చీలిన చోట ఆగేది, తోక పైకెత్తి అలాగే ఉండిపోయేది. ఉద్యోగులు పొద్దున్నే వచ్చి మీట నొక్కి, ఉడుతను చూసి, టీ తాగి, మళ్లీ ఉడుతను చూసి, సాయంత్రం మీట ఆర్పి ఇళ్లకు వెళ్లేవారు. పనెంతవరకు వచ్చిందని పై అధికారులు అడిగితే కొమ్మ దాకా వచ్చిందని చెప్పేవారు. అబద్ధం కాదు.

మైథిలికి మాత్రం ఉడుత ముద్దొచ్చేది. ఆ రోజుల్లో ఆమెకు ముద్దు రానిదంటూ లేదు. ఆఫీసు మెట్ల మీద తన మెట్టెలు టక్కుమంటే సంతోషం. హాజరు పట్టీలో తన ఇంటిపేరు మారితే సంతోషం. క్యారియర్ మూత తియ్యగానే వంకాయ కూరలో కొత్తిమీర కారం వాసన కొడితే, తనే వండుకున్నానన్న సంగతి మరిచి మరీ సంతోషం. లేనిదల్లా ఆ కూర పంచుకోవడానికి పక్కన మొగుడే.

మొగుడు భార్గవ్. మేనత్త కొడుకు. అదే శాఖ, కాకపోతే మడకశిర సబాఫీసు. గట్లు కాపాడటానికి అక్కడ ఈ శాఖకు ఒక్క కాలువా లేదు. అయినా ఆఫీసుంది. కాలువ లేదు కాబట్టి గట్టు లేదనీ, గట్టు లేదు కాబట్టి గండి పడలేదనీ నెలనెలా ధ్రువీకరించి పంపడం భార్గవ్ ఉద్యోగం. గండ్లు పడని ప్రాంతంగా మడకశిరకు శాఖలో గొప్ప పేరు. అందుకే అక్కడి మనిషిని కదిలించడానికి ఎవరూ ఒప్పుకోరు.

భార్యాభర్తలను ఒకే ఊళ్లో ఉంచమని అడిగే హక్కు ఉద్యోగులకు ఉంది. బదిలీల గడువు మే నెలాఖరు దాకా ఉంది. గడువు దాటితే ఏడాది పాటు నిషేధం. ఈలోగా దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు ఉడుత ద్వారా పెట్టాలి. ఉడుత కొమ్మ మీద ఉంది.

ఈ చిక్కు విప్పడానికి డైరెక్టరు గారు ల్యాప్‌టాప్ ఎంపిక కమిటీ వేశారు. ఉడుతకు సరిపడే ల్యాప్‌టాప్ ఏదో తేల్చి, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి కొనడం దాని పని. సూపరింటెండెంట్ వరాలమ్మ గారు కార్యదర్శి. ఆవిడ ఆ శాఖలో గట్టుకన్నా పాత మనిషి. ఏ రూలు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతుంది, ఎందుకుందో మాత్రం అడగనివ్వదు.

రూళ్లు ఇలా ఉన్నాయి. ఉడుత జామకాయను చేరినట్టు రుజువైతే తప్ప ఏ ల్యాప్‌టాప్‌నూ కొనకూడదు. శాఖ సొంతం కాని ఏ ల్యాప్‌టాప్‌నూ పరీక్షించకూడదు. అంటే కొన్నాక పరీక్షించాలి, పరీక్షించాక కొనాలి. కమిటీ దీని మీద కొన్నాళ్లు కూర్చుని, చివరకు ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. వ్యాపారులు ల్యాప్‌టాప్‌లు పెట్టెలతో సహా తెచ్చి వరండాలో పెట్టాలి. పెట్టె తెరిస్తే స్వీకరించినట్టు అవుతుంది కాబట్టి తెరవరు. ఉడుత ఉన్న పెన్‌డ్రైవ్‌ను పెట్టె మీద కాసేపు ఉంచి చూస్తారు. అలాగే చూశారు. ఉభయ పక్షాల నుంచీ ఎట్టి అభ్యంతరమూ వ్యక్తం కాలేదని వరాలమ్మ గారు నమోదు చేశారు. అయితే అన్ని పెట్టెలూ సమానంగా మౌనం వహించినందువల్ల ఎంపిక సాధ్యపడలేదు.

అలాంటి సమయంలో ఒక శనివారం భార్గవ్ సెలవు పెట్టి, రైలు దిగి, ముఖమైనా కడుక్కోకుండా భుజాన సంచితో సరాసరి ఆఫీసుకొచ్చాడు. సంచిలో పెళ్లిలో తను మైథిలికి కానుకిచ్చిన ల్యాప్‌టాప్ ఉంది. తలంబ్రాలు పోసుకున్న వేడిలో పీటల మీదే ఇచ్చాడు, అందుకని దాని మూత మీద పసుపు వేలిముద్ర పడింది. మీటల మధ్య తలంబ్రాల గింజొకటి ఇరుక్కుంది. చూసినప్పుడల్లా పెళ్లి గుర్తొస్తుందని మైథిలి ఆ రెంటినీ తుడవనివ్వలేదు. సర్క్యులర్ వచ్చాక భార్గవ్ ఆ ల్యాప్‌టాప్‌ను మడకశిర పట్టుకుపోయాడు. గండి పడని మధ్యాహ్నాలన్నీ దాని ముందు కూర్చుని, ఉడుతను బతిమాలి బుజ్జగించి ఎక్కించాడు.

మైథిలి బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ఉడుత ఎక్కింది. కొమ్మ చీలిన చోట ఆగింది. భార్గవ్ వంగి, ఎడమ మూల బొటనవేలితో నొక్కిపట్టి, చిన్నపిల్లకు అన్నం పెడుతున్నట్టు "ఇంకొక్కటి, ఇంకొక్క అడుగు" అన్నాడు. ఉడుత కదిలింది. చిటారు కొమ్మకు చేరింది. కరక్‌మని జామకాయ కొరికింది.

ఆ చప్పుడు ఆఫీసులో ఎవరూ అంతకు ముందు వినలేదు. అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు చెప్పులు కూడా విడిచారు. మైథిలికి ఇవేవీ కనిపించలేదు. తల వంచుకుని గబగబా దరఖాస్తు కొట్టడం మొదలుపెట్టింది. "నా భర్త అయిన భార్గవ్ గారిని విజయవాడకు" దాకా వచ్చేసరికి వెనక నుంచి డైరెక్టరు గారి గొంతు వినిపించింది.

"సదరు యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకండి."

అది మైథిలి సొంతం కాబట్టి పరీక్షించడానికి వీల్లేదు. కానీ ఎవరూ పరీక్షించకుండానే ఫలితం వచ్చేసింది. వచ్చిన ఫలితాన్ని వద్దనమని ఏ రూల్లోనూ లేదని వరాలమ్మ గారు తేల్చారు. అక్కడికక్కడే దాన్ని ప్రమాణ యంత్రంగా ప్రకటించి, మంత్రులకు పూలగుత్తులు అందించే వెండి పళ్లెంలో పెట్టి, డైరెక్టరు గారి గదిలోకి ఊరేగించుకుపోయారు. దరఖాస్తు సగంలో ఉంది, అది కూడా దాంతోపాటే వెళ్లింది. ఆ సగం పూర్తి చేసుకోనివ్వమని మైథిలి అడిగింది. ప్రమాణ యంత్రంలో ఒక్క అక్షరం మారినా అది ప్రమాణం కాకుండా పోతుందని చెప్పారు.

ఆదివారం రాత్రి బండికి భార్గవ్ మడకశిర దారి పట్టాడు. ప్లాట్‌ఫాం మీద మైథిలి నవ్వుతూనే ఉంది గానీ, బండి కదిలాక చూసుకుంటే చేతిలో అతనికివ్వాల్సిన పులిహోర పొట్లం అలాగే ఉంది.

ఇక టెండరుకు లక్షణాలు రాయాలి. ఇక్కడ ఆ శాఖకు ఒక పాత గాయం ఉంది. పూర్వం ఎప్పుడో కుర్చీలకు టెండరు పిలిచినప్పుడు సీటు రాశారు, వీపు రాశారు, చేతులు రాశారు, కాళ్లు రాయడం మరిచారు. వ్యాపారి రాసిన ప్రకారమే సరఫరా చేశాడు. ఒక తరం ఉద్యోగులు నేల మీద కూర్చుని పని చేసి రిటైరయ్యారు. అప్పటి నుంచి నమూనాలో కంటికి కనిపించిందల్లా ఏదీ వదలకుండా రాయాలన్నది ఆ శాఖ ఆచారం. ఏది అవసరమో ఏది కాదో నిర్ణయించే అధికారం ఎవరికీ లేదు.

యజమానురాలు కాబట్టి మైథిలిని కమిటీ ముందు కూర్చోబెట్టారు. వరాలమ్మ గారు భూతద్దంతో చూస్తూ చదువుతున్నారు, గుమస్తా రాసుకుంటున్నాడు. మూత మీద పసుపు వేలిముద్ర, ఒకటి. మీటల మధ్య పసుపు పూసిన బియ్యపు గింజ, ఒకటి. తెర మీద వధూవరుల ఫోటో, వధువు నవ్వు ఆపుకుంటున్నట్లు ఉండవలెను.

"సార్, వీటి వల్ల కాదండి అది పనిచేసింది," అంది మైథిలి.

"కాదని రుజువుందా అమ్మా?" అన్నారు డైరెక్టరు గారు, ఎంతో ఆదరంగా.

రుజువు లేదు. ఉన్న నిజం చెప్పేస్తే పోతుంది కదా అనుకుంది. బావ మొదటిరోజే చెప్పాడు. "బ్యాటరీ కాస్త వదులు సార్. ఉడుత పైకెక్కే సమయానికి కరెంటు అందక ఆగిపోతోంది. ఆ మూల బొటనవేలితో నొక్కాలి. లేదంటే కాగితం ముక్క మడిచి దోపినా చాలు," అని చెప్పేసింది మైథిలి.

కమిటీ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చాలా విలువైన సమాచారం ఇచ్చావమ్మా," అని గుమస్తా వైపు తిరిగారు. "రాయండి. బ్యాటరీ వదులుగా ఉండవలెను."

టెండరు పిలిచారు. బ్యాటరీ బిగుతుగా ఉన్నవి తెచ్చిన కంపెనీని గేటు దగ్గరే వెనక్కి పంపారు. ఇంకో కంపెనీ తెచ్చిన గింజ సన్నబియ్యానిది, నమూనాలో ఉన్నది దొడ్డు గింజ. చివరకు గెలిచిన వ్యాపారి గోదాములో, ల్యాప్‌టాప్‌లను వరసగా పేర్చి ఆడవాళ్లు ఒక్కొక్కదానికీ పసుపు పెట్టి గింజ వేస్తుంటే, తనిఖీకి వెళ్లిన వరాలమ్మ గారికి పేరంటానికి వచ్చినట్టే ఉందట. వచ్చేటప్పుడు తాంబూలం కూడా ఇచ్చారట. ఒక్కొక్క ల్యాప్‌టాప్‌లోనూ మైథిలి పెళ్లి ఫోటోనే పెట్టారు. నవ్వు ఆపుకుంటున్న వధువును మళ్లీ వెతకడం కష్టమని.

ఈలోగా మే నెల వెళ్లిపోయింది. బదిలీల మీద నిషేధం వచ్చింది. మైథిలి దరఖాస్తు సంగతి అడగబోతే డైరెక్టరు గారు బాధపడుతూనే చెప్పారు. సగం దరఖాస్తు చేరింది కాబట్టి సగం మంజూరు చేయవచ్చా అని తాను స్వయంగా ఆలోచించారట. సగం భర్తను విజయవాడకు తరలించడంలో పరిపాలనాపరమైన ఇబ్బందులున్నాయట. పైగా మొగుడూ పెళ్లాలు ఒకే ఆఫీసులో ఉంటే గట్ల కొలతల్లో నిష్పాక్షికత దెబ్బతింటుందని పైనుంచి ఎవరో అన్నారట.

ఆ సాయంత్రం ఫోనులో భార్గవ్ ఏదో నవ్వించబోయాడు. మైథిలి నవ్వలేదు. పెళ్లయిన తర్వాత ఆమె నవ్వకపోవడం అదే మొదలు. "ఇంకో ఏడాది బావా," అంది.

జూన్‌లో కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. డైరెక్టరు గారు ఉడుత గురించి మాట్లాడుతూ ఉద్వేగపడ్డారు. అందరూ ఒక్కసారే మీటలు నొక్కారు. అన్ని తెరల మీదా జామచెట్లు లేచాయి. అన్ని ఉడుతలూ ఒక్కసారే ఎక్కాయి. కొమ్మ చీలిన చోట అన్నీ ఒక్కసారే ఆగి, తోకలు పైకెత్తాయి. వాటి వెనక ఉన్న పెళ్లి ఫోటో ఎప్పుడు కనిపిస్తుందా అని ఆఫీసంతా ఎదురుచూస్తుంటే, మైథిలి ముఖం చేతుల్లో దాచుకుంది.

మళ్లీ కమిటీ కూర్చుంది. నమూనాలో ఉన్నదల్లా వచ్చింది. పసుపు వచ్చింది, గింజ వచ్చింది, వదులు కూడా వచ్చింది. అయితే ఆ శనివారం అక్కడ ఉండి, ఇప్పుడు లేనిదేమిటి? డైరెక్టరు గారు ఆ రోజు జరిగిందంతా మొదటి నుంచి చదవమన్నారు. వరాలమ్మ గారు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"ఒక అనుబంధ పరికరం రాయడం మరిచామండి," అన్నారు. "భర్త."

కుర్చీ కాళ్ల తర్వాత ఆ శాఖలో అంత పెద్ద పొరపాటు జరగలేదు. డైరెక్టరు గారు అప్పటికప్పుడు మడకశిరకు తాఖీదు పంపారు. బదిలీల మీద నిషేధం ఉంది కదండీ అని ఎవరో గుర్తుచేశారు.

"బదిలీ మనుషులకయ్యా. పరికరాలను తరలిస్తాం," అన్నారు డైరెక్టరు గారు. నిష్పాక్షికత మాట ఎత్తబోయినవారికి వరాలమ్మ గారే సమాధానం చెప్పారు. మౌస్ పక్కన కీబోర్డు ఉంటే ఎవరైనా పక్షపాతం అన్నారా అని.

మడకశిర సబాఫీసు వాళ్లు నిబంధనల ప్రకారం నడుచుకునే మనుషులు. భార్గవ్ చొక్కాకు చీటీ ఒకటి పిన్నుతో గుచ్చి, మొక్కజొన్న పొత్తులు చేతిలో పెట్టి, బస్సెక్కించారు. చీటీ మీద "జాగ్రత్త. ఈ వైపు పైకి" అని రాసి ఉంది.

మైథిలి ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉంది. చీటీ చదివి, అతని కాలరు సర్ది, "తిన్నగానే వచ్చావా బావా, ఎక్కడా తలకిందులు చెయ్యలేదు కదా?" అంది. అంతవరకు ఆపుకున్న నవ్వు ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది.

లోపల అతన్ని స్టాకు రిజిస్టరులో చేర్చి, చీటీ మీద నంబరు వేశారు. ల్యాప్‌టాప్ యజమానురాలే పరికరానికీ సంరక్షకురాలు కావాలి కాబట్టి మైథిలి సంతకం పెట్టింది. పరికరం స్థితి అన్న గడిలో ఏం రాయాలో తెలియక వరాలమ్మ గారి వైపు చూసింది. "బాగున్నాడుగా. బాగుంది అని రాయి," అన్నారావిడ.

భార్గవ్ నిజాయితీపరుడు. చెయ్యి వెయ్యబోయే ముందు డైరెక్టరు గారికి నమస్కారం పెట్టి, ఇందులో తన గొప్పేం లేదనీ, బ్యాటరీల దగ్గర ఒక్కో కాగితం ముక్క దోపితే ఎవరికి వాళ్లు నడుపుకోవచ్చనీ వివరంగా చెప్పాడు. జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి మడిచి చూపించబోయాడు కూడా. డైరెక్టరు గారు ఓపిగ్గా విన్నారు. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేశారు.

"బాబూ, పరికరం అభిప్రాయాలు చెప్పకూడదు."

భార్గవ్ బల్ల బల్లకూ వెళ్లి బొటనవేలు పెట్టాడు. కరక్, కరక్, కరక్‌మని ఆఫీసంతా జామతోటలా అయింది. ఇన్నాళ్లకు దస్త్రాలు కదిలాయి. కదిలినవన్నీ ఉడుతకు సంబంధించిన దస్త్రాలేననుకోండి.

అక్కడితో ఆగితే అది శాఖ ఎందుకవుతుంది? ఇందరికి ఒక్క భర్త చాలడం లేదని, ఎవరి పరికరం వాళ్లకు ఉండాలని విన్నపాలు మొదలయ్యాయి. భార్యలు ఒకచోటా భర్తలు ఒకచోటా ఉన్నవాళ్లందరి జీవిత భాగస్వాములకూ అనుకూలతా పరీక్ష పెట్టారు. పార్వతీపురం నుంచి ఒకరి భార్య వచ్చి బొటనవేలు పెట్టగానే ఉడుత ఒక్క ఉరుకున చిటారుకెక్కింది. ఆలూరు నుంచి ఇంకొకరి భర్త వచ్చాడు, ఉడుత కాస్త తటపటాయించినా చివరకు ఎక్కింది. బొటనవేలున్న ప్రతివాళ్లూ నెగ్గుతున్నారు. ఏళ్ల తరబడి ఏ దరఖాస్తూ కలపలేని సంసారాలన్నీ వదులు బ్యాటరీ ధర్మమా అని ఒక్కొక్కటిగా ఒక గూటికి చేరుతున్నాయి. స్వావలంబన ఇంత బాగా పని చేయడం తానెక్కడా చూడలేదని డైరెక్టరు గారు మరో సదస్సులో చెప్పి, మరో శాలువా తెచ్చుకున్నారు.

చివరకు వరాలమ్మ గారి వంతు వచ్చింది. ఆవిడ భర్త ఇచ్ఛాపురంలో ఉద్యోగం. ఎన్నో ఏళ్లుగా అక్కడే. ఆయన్నీ పిలిపిద్దామా అని మైథిలి ఎంతో ఆశగా అడిగింది. ఆ రోజుల్లో మైథిలికి లోకంలో అందరూ జంటలుగా ఉండాలని ఉండేది. వరాలమ్మ గారు చాలాసేపు తెర మీద ఆగిపోయిన ఉడుతను చూశారు.

"వద్దులే అమ్మా," అన్నారు. "దాన్ని అక్కడే ఉండనీ. కొమ్మ మీద ప్రశాంతంగా ఉంది."

ఆవిడ పేరుకెదురుగా "భర్త: పరీక్షించకుండానే అననుకూలం" అని ఆవిడే స్వయంగా రాసుకున్నారు.

ఇంకొక్క రూలు మిగిలింది. శాఖకు చెందిన ల్యాప్‌టాప్‌లనూ వాటి అనుబంధ పరికరాలనూ ఆఫీసు వేళలు దాటాక ఆఫీసులో ఉంచరాదు. సంరక్షకులు వాటిని తమ ఇంటికి తీసుకువెళ్లి, ఎండా వానా తగలకుండా భద్రపరచి, మర్నాడు యథాస్థితిలో తిరిగి తేవలెను. ఎన్ని రూళ్లు తిరగేసినా తమ కోసమే రాసినట్టున్న రూలు మైథిలికి ఇదొక్కటే కనిపించింది.

రోజూ సాయంత్రం ఆమె గేటు దగ్గర నిలబడి పాసు నింపుతుంది. ల్యాప్‌టాప్, ఒకటి. చార్జరు, ఒకటి. భర్త, ఒకటి. కాపలాదారు సంచి తెరిచి చూస్తాడు, భార్గవ్‌ను ఎగాదిగా చూస్తాడు, చీటీ మీద నంబరు సరిపోల్చుకుని గేటు తీస్తాడు.

ఒకరోజు గేటు బయట జామకాయల బండి ఆగి ఉంది. బండివాడు దోర కాయనొకదాన్ని నాలుగు పక్కలుగా కోసి, ఉప్పూ కారం అద్ది ఇచ్చాడు. భార్గవ్ ఒక చేత్తో ల్యాప్‌టాప్ సంచి, రెండో చేత్తో గొడుగు పట్టుకుని ఉన్నాడు. తినడానికి చెయ్యి ఖాళీ లేదు.

మైథిలి ఒక ముక్క తీసి అతని నోటి దాకా తెచ్చి ఆపింది.

"ఇంకొక్క అడుగు," అంది.

అతను గొడుగుతో సహా ఒక్క అడుగు దగ్గరికి జరిగాడు. కరక్‌మంది.